లోహితాస్యుడి వేషానికి పదకొండేళ్ళ పాపను పంపవచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పాపకు 11 ఏళ్ళు, ఆరో తరగతి. మూడేళ్ళుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. మీ ఊరి నాటక సమాజం వాళ్ళు సత్య హరిశ్చంద్ర నాటకంలో హరిశ్చంద్రుడి కొడుకు లోహితాస్యుడి వేషానికి అడిగారు. పాప ఎగిరి గంతేసింది. మీకేమో గొంతు పాడవుతుందేమో, చదువు దెబ్బతింటుందేమో అని భయం. పైగా "ఆడపిల్లకి నాటకాలేమిటి" అంటున్నారు మీ అత్తగారు.

నా జవాబు: పంపండి. కాకపోతే మాట ఇచ్చే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. పాప తన శ్రుతిలో, అంటే తన గొంతుకు హాయిగా ఉండే ఆధార స్వరంలో, పాడుతుందా, పెద్దవాళ్ళ శ్రుతిలో పాడాలా? సమాజం పెద్దను సూటిగా ఇదే అడగండి. పిల్ల కోసం శ్రుతి మార్చడానికి ఒప్పుకునే మనిషి, పిల్ల నిద్ర గురించి, భోజనం గురించి కూడా ఆలోచిస్తాడు. "మాకు అలా కుదరదమ్మా, అందరూ ఒకే శ్రుతి" అనే చోట మిగతా ప్రతి విషయానికీ మీరు పోట్లాడాల్సి వస్తుంది. ఇది నేను పదేళ్ళు వేషాలు వేసి, ఆ తర్వాత చాలామంది పిల్లల్ని వేదిక ఎక్కించి తెలుసుకున్నది.

నా గురించి కొంచెం చెబుతాను. మాది తెనాలి దగ్గర పల్లె. 1995లో తొమ్మిదేళ్ళప్పుడు లోహితాస్యుడి వేషంతో మొదలుపెట్టాను. ఆ తర్వాత ప్రహ్లాదుడు, లవుడు, నారదుడు వేశాను. పద్దెనిమిదో ఏట లోహితాస్యుడి తల్లి చంద్రమతి వేశాను. ఇప్పుడు గుంటూరులో పిల్లలకు పద్యం నేర్పుతున్నాను.

ముందు గొంతు సంగతి, ఎందుకంటే మీరు ఎక్కువగా భయపడుతున్నది దానికే.

మా సమాజంలో హరిశ్చంద్రుడు నాలుగు శ్రుతిలో పాడేవారు (అంకె పెరిగితే శ్రుతి ఎత్తు పెరుగుతుంది). మైకులు లేని రోజుల్లో చివరి వరుస దాకా వినపడాలని పై శ్రుతులు పట్టుకున్న తరం ఆయనది. నాకేమో ఐదున్నర శ్రుతి హాయి. హార్మోనియం మాస్టారు నాటకం మొత్తానికి నాలుగు శ్రుతే పట్టేవారు. వినేవాళ్ళకు అందులో తేడా ఏమీ తెలియదు. నాలుగు శ్రుతి ఐదున్నర కంటే తక్కువే కదా, పిల్లకు ఇంకా సులువు కదా అనిపిస్తుంది కూడా. కానీ జరిగేది వేరు. పద్యం ఎత్తుగడ మధ్యస్థాయి షడ్జమం (స) దగ్గర ఉంటే అక్కడ నా గొంతుకు బలం లేదు. మాట గాలిలో కలిసిపోయేది. వినపడాలని గొంతు నొక్కి పాడేదాన్ని. నొక్కి పాడటం అలవాటైతే పై స్థాయిలో కూడా అదే నొక్కుడు వస్తుంది. రెండు నెలలకు పొద్దున్న లేస్తే మాట బొంగురుగా వచ్చేది. మా సంగీతం టీచరుగారు ఒకరోజు ఒక్క వర్ణం విని, "ఎక్కడ పాడుతున్నావే నువ్వు?" అని అడిగారు. నేను చెప్పలేదు, నాటకం మాన్పిస్తారని భయం. అమ్మ చెప్పింది.

టీచరుగారు మాన్పించలేదు. మా హార్మోనియం మాస్టారి దగ్గరికి తనే వచ్చి, "పిల్ల పద్యాలకు మధ్యమ శ్రుతి పట్టండి మాస్టారూ" అని అడిగారు. అంటే నాలుగు శ్రుతికి మధ్యమాన్ని (మ) నాకు షడ్జమంగా ఇవ్వడం. హార్మోనియం మీద అది ఒక్క చెయ్యి జరపడమే, వినేవాళ్ళకు అతుకు తెలియదు. పద్యాన్ని మరీ పైకి పోకుండా కుదిస్తే పిల్ల గొంతు గంటలా మోగుతుంది. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. "ఈ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నారు నాతో. తొమ్మిదేళ్ళ పిల్ల పెద్దాయనతో "ఈ శ్రుతి నాకు పడటం లేదు" అని చెప్పగలదా? ఆ మాట మీరు చెప్పాలి.

గొంతు విషయంలో ఇంకో రెండు మాటలు. ఆడపిల్లల గొంతు మారదు అనుకుంటారు, మారుతుంది. మగపిల్లలంత తెలియదు, అంతే. పన్నెండు, పదమూడేళ్ళ మధ్య నా గొంతులో గాలి చేరింది, పై గాంధారం దగ్గర చీలేది, హాయిగా పాడే శ్రుతి కూడా కొంచెం కిందికి దిగింది. అది జబ్బు కాదు. ఆ నెలల్లో పద్యాలు తగ్గించి, మాటలు ఎక్కువున్న వేషాలు వేయాలి, అంతే. అప్పుడు బలవంతంగా పాడిస్తే మాత్రం నష్టమే. బొంగురు రెండు మూడు వారాలు దాటి తగ్గకపోతే మిరియాల కషాయంతో సరిపెట్టకండి, చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి. గొంతు బాగాలేనప్పుడు గుసగుసగా మాట్లాడమంటారు కొందరు. దాని వల్ల మేలు లేదు, పూర్తిగా మౌనంగా ఉండటమే మంచిది.

ఇక పద్యం. కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలకు ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. రాగం బాగా వస్తుంది కాబట్టి పద్యాన్ని పాటలా పాడేస్తారు. జనం తల ఊపుతారు, కానీ పిల్లాడు ఏం చెప్పాడో ఎవరికీ అర్థం కాదు. పద్యం ముందు మాట, తర్వాతే రాగం. నేను నా దగ్గరికి వచ్చే పిల్లలకు మొదటి వారం రాగం ముట్టుకోనివ్వను. పద్యాన్ని మామూలు వచనంలా, అమ్మతో మాట్లాడుతున్నట్టు చెప్పమంటాను. కర్త ఎవరు, క్రియ ఏది, ఈ సమాసం ఎక్కడ విడిపోతుంది అని అడుగుతాను. చెప్పగలిగాక అప్పుడు శ్రుతి పెడతాను. మొదట కందం, ఆటవెలది. తర్వాత తేటగీతి, సీసం. వృత్తాలు చివర.

వృత్తాల్లో ఊపిరి పెద్ద సమస్య. శార్దూలంలో పాదానికి 19 అక్షరాలు, మత్తేభంలోనూ ఉత్పలమాలలోనూ 20, చంపకమాలలో 21. పిల్ల ఊపిరి ఒక పాదానికి సరిపోతుంది, చివర ఆలాపన తగిలిస్తే సరిపోదు. అందుకని శార్దూలంలో 13వ అక్షరం యతిస్థానం కాబట్టి 12 దగ్గర ఆగి ఊపిరి తీసుకోమని నేర్పేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఇది మీ పాపకు అలవాటు కానివ్వకండి. సంస్కృతంలో యతి అంటే విరామం. తెలుగులో యతి అంటే అక్షరాల మైత్రి, అక్కడ ఆగాలని లేదు. చాలాసార్లు 12 దగ్గర పెద్ద సమాసం నడుస్తూ ఉంటుంది. అక్కడ ఆగితే మాట రెండు ముక్కలై అర్థం చచ్చిపోతుంది. ఎక్కడ అర్థం విరుగుతుందో అక్కడ ఊపిరి తీసుకోవాలి. పెన్సిల్‌తో పుస్తకంలో చిన్న గీత పెట్టుకోమనండి. నా లోహితాస్యుడి నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో మా తాతయ్య పెట్టిన ఎర్ర సిరా గీతలు ఉన్నాయి, పక్కనే "ఇక్కడ గాలి" అని రాసి.

లోహితాస్యుడి వేషంలో అసలు కష్టం పద్యాల్లో లేదు, కాటి సీనులో ఉంది. ఇది మీకు ఎవరూ చెప్పి ఉండరు కాబట్టి వివరంగా రాస్తాను.

దర్భలు కోయడానికి అడవికి వెళ్ళిన పిల్లాణ్ణి పాము కరుస్తుంది. చంద్రమతి శవాన్ని ఎత్తుకుని కాటికి వస్తుంది. ఆమె రాకముందు హరిశ్చంద్రుడు ఒక్కడే కాటికాపరిగా పాడతాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకమే ఆడినా, ఈ సీనులో గుర్రం జాషువా శ్మశానం పద్యాలు కలిపి పాడటం ఎప్పుడో ఆనవాయితీ అయిపోయింది. జనం వాటి కోసమే కాచుకుని ఉంటారు. వన్స్ మోర్‌లు పడతాయి. అంతసేపూ చంద్రమతి, పిల్ల తెర పక్కన నిలబడి ఉండాలి. ఆ తర్వాత వేదిక మీదికి వచ్చాక పిల్ల కదలకుండా పడుకోవాలి. మా సమాజంలో అది ముప్పావు గంట పట్టేది.

ఒకసారి పొలాల మధ్య పందిట్లో ఆడుతున్నాం. రాత్రి ఒంటిగంట దాటింది. నేను చంద్రమతి ఒళ్ళో తల పెట్టి పడుకుని ఉన్నాను. చెంప మీద దోమ వాలింది. కదలకూడదు. కుడుతోంది. కళ్ళలోంచి నీళ్ళు వచ్చేస్తున్నాయి, శవం ఏడవకూడదు కదా. చంద్రమతి వేసిన ఆవిడను నేను పిన్నీ అనేదాన్ని. పద్యం మధ్యలో ఉంది. పద్యం ఆపలేదు, ఏడుపు ఆపలేదు. చీర కొంగు తీసి, కొడుకు ముఖానికి అంటిన మట్టి తుడుస్తున్నట్టు నా చెంప మీదుగా మెల్లగా లాగింది. దోమ పోయింది. నా కన్నీళ్ళు కూడా అదే కొంగులో పోయాయి. ముందు వరుసలో ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు. తర్వాత ఎప్పుడు చంద్రమతి వేసినా ఆ కొంగు తుడుపు నేను వదల్లేదు, దోమ ఉన్నా లేకపోయినా.

శవంగా పడుకోవడం నేర్పించాలి. "ఊరికే పడుకో" అంటే పిల్లకు రాదు. ఊపిరి పొట్టతో మెల్లగా తియ్యాలి, ఛాతీ కదలకూడదు. కళ్ళు గట్టిగా మూస్తే రెప్పలు వణుకుతాయి. లోపల చూపు కిందికి దించి తేలిగ్గా మూయాలి. ముఖం జనానికి కొంచెం అటు తిప్పాలి. ప్రేక్షకుల వైపు ఉన్న చెయ్యి బరువుగా జారవిడవాలి, వేళ్ళు బిగించకూడదు. ఇంట్లో సాయంత్రం పది నిమిషాలు, తర్వాత పావుగంట, అలా పెంచండి. తుమ్ము, దగ్గు ఆపుకోలేకపోతే చంద్రమతి తన మీద పడి ఏడ్చే క్షణం కోసం ఆగమనండి. ఆ సైగ ఏదో ఇద్దరూ ముందే అనుకోవాలి. నేను పిన్ని చేతిని చిటికెన వేలితో నొక్కేదాన్ని.

ఇంకో సంగతి, పిల్ల మనసు. నా దగ్గరికి వచ్చిన ఎనిమిదేళ్ళ పాప ఒకతి రిహార్సల్‌లో చంద్రమతి ఏడుపు విని బెదిరిపోయింది. ఆ రాత్రి ఇంట్లో "అమ్మా, నేను నిజంగా చచ్చిపోతే నువ్వు ఇలాగే ఏడుస్తావా" అని అడిగిందట. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి తనూ ఏడ్చింది. మేం ఆ సీను వారం రోజులు ఆపేశాం. చంద్రమతి వేసే అమ్మాయిని పాప పక్కన కూర్చోబెట్టి టీ తాగించాం, గోరింటాకు పెట్టించాం. ఏడుపు ఎలా తెచ్చుకుంటుందో పాపకే చూపించమన్నాం. ఏడ్చి, వెంటనే నవ్వి చూపించింది. పాప అది చూసి తనూ చేసింది. ఆ తర్వాత భయం లేదు. చివర లోహితాస్యుడు బతికి లేచే ఘట్టం తప్పకుండా ఆడించమనండి. రాత్రి ఆలస్యమైందని కొందరు అక్కడ తెర దించేస్తారు. పిల్ల కోసం అయినా అది ఆడాలి. లేచి నిలబడి, జనం చప్పట్లు విని, మంగళహారతి చూసి ఇంటికి వెళ్ళాలి. మా అమ్మ ఇంటికి రాగానే ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసేది. మీ ఇంట్లో అలవాటు ఉంటే మీరూ తీయండి. మీ అత్తగారికి ఊరటగా ఉంటుంది.

అత్తగారి మాటకు వస్తాను. ఆ భయానికి ఒక చరిత్ర ఉంది కాబట్టి దాన్ని కొట్టిపారేయకండి. తెలుగు నాటకంలో చాలాకాలం ఆడవేషాలు మగవాళ్ళే వేశారు. స్థానం నరసింహారావుగారు సత్యభామగా వస్తే ఆడవాళ్ళే ఆయన నడక చూసి నేర్చుకున్నారని చెప్పుకుంటారు. మంచి కుటుంబాల ఆడపిల్లలు వేదిక ఎక్కకూడదు అనేది అప్పటి పట్టింపు. నటుడు బళ్ళారి రాఘవగారు స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న కుటుంబాల స్త్రీలను నాటకంలోకి తెచ్చారు. అంతకంటే ముందే, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు మొదలుపెట్టిన సురభి నాటకాల్లో కుటుంబంలోని ఆడవాళ్ళే ఆడవేషాలు వేశారు. ఆ కుటుంబాల్లో పిల్లలు నడక వచ్చిన నాటి నుంచి వేదిక మీదే పెరిగారు. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి వేసిన సురభి కమలాబాయి అలా పెరిగిన అమ్మాయే. చిన్నప్పుడు ఆవిడ కృష్ణుడు, ప్రహ్లాదుడు లాంటి మగపిల్లల వేషాలు వేసింది. ఇవన్నీ మీ అత్తగారికి పాఠంలా చెప్పకండి. రిహార్సల్‌కు ఒకరోజు ఆవిడను తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. పాత తరం వాళ్ళకు ఈ పద్యాలు నోటికి వచ్చు. మా నానమ్మ నాటకాలకు బద్ధ వ్యతిరేకి. రెండో రిహార్సల్‌లో నేను తప్పు చదివితే వెనకనుంచి ఆవిడే అందించింది.

మగపిల్లాడి వేషానికి ఆడపిల్లను అడుగుతున్నారేమిటి అని కూడా మీరు రాశారు. గొంతు కోసమే. మగపిల్లాడికి గొంతు విరిగితే అంతవరకు నేర్పిన పద్యాలన్నీ వృథా అవుతాయి. ఆడపిల్లకు ఇంకో రెండు మూడేళ్ళు చెల్లుతుంది. పైగా సంగీతం క్లాసుల్లో ఇప్పుడు ఎక్కువగా ఆడపిల్లలే ఉంటున్నారు.

చదువు గురించి ఎక్కువ రాయను. ఒక కొత్త వేషానికి ఇరవై, ఇరవై అయిదు రిహార్సల్స్ పడతాయి, సాయంత్రం గంటన్నర చాలు. చిక్కంతా ప్రదర్శన తేదీలతోనే. శివరాత్రి జాగారం నాటకాలు పరీక్షల ముందు వస్తాయి, శ్రీరామనవమి పందిళ్ళు పరీక్షల మధ్యలో వస్తాయి. ఆ రెండు సీజన్లకూ ముందే "మేం రాము" అని చెప్పేయండి. దసరా, సంక్రాంతి సెలవులు, వేసవి సరిపోతాయి. ఇప్పుడు చాలాచోట్ల నాటకం మొత్తం కాకుండా వారణాసి, కాటి సీన్లే ఆడుతున్నారు కాబట్టి మా రోజుల్లోలా తెల్లవార్లూ కూర్చోనక్కర్లేదు. అయినా కాటి సీను చివరే వస్తుంది, పాప చివరిదాకా ఉండాలి. మధ్యలో గంటసేపు నిద్రపోవడానికి చాప, దుప్పటి, దోమతెర తీసుకెళ్ళండి. లేపాక ముఖం కడిగించి రెండు నిమిషాలు నడిపించి, సన్నగా ఒక సరళీ స్వరం పాడించాకే వేదిక మీదికి పంపండి. నిద్రమత్తులో ఎత్తిన పద్యం శ్రుతి తప్పుతుంది. ఇది నాకు జరిగింది, మా సమాజంలో అందరి ముందూ. హార్మోనియం మాస్టారు శ్రుతి గట్టిగా నొక్కి పట్టుకుని, నేను దారికి వచ్చేదాకా అలాగే ఉన్నారు.

ఎంతసేపు పని చేయించవచ్చు అన్నదానికి ఒక కొలత చెబుతాను. బాలకార్మిక చట్టం కింది నిబంధనల్లో బాలనటుల గురించి ఉంది. రోజుకు అయిదు గంటలకు మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించకూడదు. వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం పిల్ల పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. సినిమాలు, టీవీ, డబ్బు కోసం జరిగే కార్యక్రమాల వాళ్ళు ఇవి పాటించాలి. ఊరి సమాజం నాటకానికి వచ్చి ఈ కాగితాలు ఎవరూ అడగరు. మీరు మాత్రం ఆ గంటల లెక్కనే మీ హద్దుగా పెట్టుకోండి. పిల్ల అలిసిపోయాక చేసిన రిహార్సల్ నిలబడదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నా మొదటి వేషానికి తాంబూలంలో 116 రూపాయలు పెట్టి ఇచ్చారు. మీకూ పెద్దగా ఏమీ రాదు. జాగ్రత్త పడాల్సింది చదివింపుల దగ్గర. పిల్ల బాగా పాడితే జనం ఉత్సాహంగా వేదిక ఎక్కి నోట్లు గుచ్చుతారు, బుగ్గలు పుణుకుతారు, ఎత్తుకుంటారు. చాలామంది ప్రేమతోనే చేస్తారు. అయినా పదకొండేళ్ళ ఆడపిల్ల విషయంలో ముందే మాట తీసుకోండి: పాపకు ఇచ్చే చదివింపు ఏదైనా మైకు దగ్గర ఉన్న సమాజం పెద్ద చేతికే ఇవ్వాలి, వేదిక మీద పాపను ఎవరూ ముట్టుకోకూడదు. నాకు పన్నెండేళ్ళప్పుడు ఒకాయన దండ వేసే వంకతో మీద చెయ్యి వేసి తీయలేదు. వేషంలో ఉన్నాను, ఏం చెయ్యాలో తెలియలేదు. ప్రాంప్టింగ్ చేస్తున్న మాస్టారు పుస్తకం పడేసి వేదిక మీదికి వచ్చేశారు. అంత అప్రమత్తంగా ఉండే మనిషి అన్ని సమాజాల్లోనూ ఉంటారని అనుకోలేను. అందుకే ప్రతి ప్రదర్శనకూ, ప్రతి రిహార్సల్‌కూ ఇంటి మనిషి ఒకరు వెంట ఉండాలి. బట్టలు మార్చుకోవడానికి ఆడవాళ్ళకు వేరే గది ఉందా అన్నది నాటకం రోజున కాదు, ఒప్పుకునే రోజునే కనుక్కోండి.

వన్స్ మోర్ గురించి కూడా ముందే అనుకోండి. మొదటిసారి వన్స్ మోర్ అని వినపడినప్పుడు పిల్లకు కలిగే ఆనందం నేను మాటల్లో చెప్పలేను. నాకు చెవులు గింగురుమన్నాయి, పిన్ని వంక చూశాను, ఆవిడ కళ్ళతోనే "పాడు" అంది. కానీ రెండోసారి పిల్లలు ఇంకా పైకి ఎత్తాలని చూస్తారు, అక్కడే గొంతు దెబ్బతింటుంది. మా పిల్లలకు నేను పెట్టిన నియమం, ఒక్క వన్స్ మోర్, అదీ మొదట పాడినట్టే. మూడోసారి ఎంత అరిచినా హార్మోనియం మాస్టారు తర్వాతి మాట అందుకోవాలి.

ఇప్పుడు ఎవరూ ముందుగా చెప్పని ఒక సంగతి. పదమూడేళ్ళు దాటాక వేషాలు ఆగిపోతాయి. లోహితాస్యుడికి పొడుగైపోతుంది, చంద్రమతికి చిన్నదవుతుంది. మొన్నటిదాకా ఊరంతా "మా లోహితాస్యుడు" అని పిలిచిన పిల్లకు హఠాత్తుగా పిలుపు ఉండదు. నా స్థానంలోకి వేరే పాప వచ్చింది. ఆమెకు నా పద్యాలు నేనే నేర్పాలన్నారు. మొదటి రోజు నేర్పి ఇంటికి వచ్చి అన్నం తినలేదు. నన్ను నిలబెట్టింది మా హార్మోనియం మాస్టారు. "ఖాళీగా ఎందుకు, ఇలా రా" అని పక్కన కూర్చోబెట్టుకుని హార్మోనియం మెట్లు నేర్పారు. పద్నాలుగు, పదిహేనేళ్ళప్పుడు తెర పక్కన పుస్తకం పట్టుకుని ప్రాంప్టింగ్ చేశాను. నాటకం మొత్తం, అందరి పద్యాలూ, అప్పుడే నోటికి వచ్చాయి. పదిహేడో ఏట నారదుడు ఇచ్చారు, మరుసటి ఏడు చంద్రమతి. మీ పాపకు ఆ ఖాళీ వస్తుందని ఇప్పుడే తెలిసుంటే మంచిది. ఆ ఏళ్ళలో బాలల నాటికలు ఉన్నాయి. నంది నాటకోత్సవాల్లో పద్య నాటకంతో పాటు బాలల నాటికకూ విడిగా పోటీ ఉంటుంది. మాటల మీద దృష్టి పెట్టడానికి అది మంచి చోటు.

ఎప్పుడు పంపవద్దు? పాపకు ఇష్టం లేకపోతే. మీకు ఆ సమస్య లేదు, కానీ ఇష్టం తర్వాత పోవచ్చు. నా దగ్గర ఒక పాప చాలా బాగా పాడేది. ప్రతి ప్రదర్శనకు ముందు రోజు జ్వరం వచ్చేది. ప్రదర్శన అవగానే తగ్గేది. వాళ్ళ నాన్నగారు "అది టెన్షన్, అలవాటైతే పోతుంది" అన్నారు. నాలుగోసారీ జ్వరం వచ్చినప్పుడు నేనే ఆపేశాను. ఆయనకు నా మీద కోపం వచ్చింది, ఇప్పటికీ మాట్లాడరు. ఆ అమ్మాయి ఇంట్లో పద్యాలు పాడుకుంటుంది, వేదిక ఎక్కదు, సంతోషంగా ఉంది. వణుకు అందరికీ ఉంటుంది, నాకూ ఉండేది. వేదిక ఎక్కాక మొదటి మాటతో పోయేది మామూలు వణుకు. ఎక్కాక కూడా పోనిది, అన్నం, నిద్ర ఆపేసేది వేరు.

మేకప్ గురించి అడిగారు. రంగు వేసే ముందు, తీసేటప్పుడు కొబ్బరినూనె. సమాజం పాత పెట్టెలోని పొడులు వద్దు, మంచి ప్యాన్‌కేక్ మీరే ఒకటి కొని పాపకు వేరుగా ఉంచండి. వేషానికి గంట ముందు ఇడ్లీ లాంటిది ఏదైనా పెట్టండి, పెరుగు వద్దు, చల్లని నీళ్ళు వద్దు. లోహితాస్యుడికి మొదటి సీన్లలో చిన్న కిరీటం పెడతారు. అది జారకుండా గుడ్డ బిగించి కడితే అరగంటలో తలనొప్పి వస్తుంది, కాబట్టి ఇంట్లోనే కొలత చూసి లోపల స్పాంజి కుట్టండి.

రిహార్సల్ మొదలయ్యాక మీ పాప ఏ శ్రుతిలో హాయిగా పాడుతుందో, అక్కడి హరిశ్చంద్రుడు ఏ శ్రుతి పడుతున్నారో ఇక్కడే రాయండి. పద్యాలు ఎక్కడ కుదించాలో, మధ్యమ శ్రుతి సరిపోతుందో లేదో చూసి చెబుతాను.